మీటర్ల వెనుక మాత్రలు: బ్రిగిట్టె బెరెండోంక్ క్రీడాజీవితాన్ని ఎలా చదవాలి

1968 అక్టోబరులో మెక్సికో నగరంలో జరిగిన ఒలింపిక్స్‌లో మహిళల డిస్కస్ త్రో ఫైనల్ వాన పాలైంది. 36 ఏళ్ల రుమేనియా క్రీడాకారిణి లియా మనోలియు గాయంతోనే బరిలోకి దిగి, వాన ముదరకముందే, తొలి ప్రయత్నంలోనే 58.28 మీటర్లు విసిరారు. ఆ తరువాత తడిసిన వలయంలో కాలు నిలదొక్కుకోలేక మిగిలిన వాళ్లెవరూ ఆ దూరాన్ని అందుకోలేకపోయారు. డిస్కస్‌ను 60 మీటర్లు దాటించిన తొలి మహిళ, పశ్చిమ జర్మనీకి చెందిన లీజెల్ వెస్టర్‌మన్ సైతం 57.76 మీటర్లతో రజతానికే పరిమితమయ్యారు. అదే పశ్చిమ జర్మనీ జట్టులో మరో త్రోయర్ ఎనిమిదో స్థానంలో నిలిచారు. నాలుగేళ్ల తరువాత మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఆమె స్థానం పదకొండు. పేరు బ్రిగిట్టె బెరెండోంక్. ఆమెది డిస్కస్ త్రో, షాట్‌పుట్ రెండింటా నిలకడగా రాణించిన క్రీడాజీవితం.

పతకాల పట్టికతో కొలిస్తే ఆ జీవితం గురించి రాయడానికి ఇంతకు మించి పెద్దగా ఏమీ ఉండదు. అయినా, ఇరవయ్యో శతాబ్దపు క్రీడాచరిత్రలో ఏ ఒలింపిక్ విజేతకన్నా ఎక్కువగా ఆమె పేరు తలుచుకోవాల్సి రావడానికి కారణం ఉంది. తూర్పు జర్మనీ ప్రభుత్వం తన క్రీడాకారులకు, అందులోనూ ముఖ్యంగా ఆడపిల్లలకు, ఏళ్ల తరబడి పురుష హార్మోన్లు మింగించిన సంగతిని కాగితాలతో సహా లోకం ముందు పెట్టింది ఆమె, ఆమె భర్త వెర్నర్ ఫ్రాంకె. అందువల్ల ఈమె క్రీడాజీవితాన్ని అర్థం చేసుకోవాలంటే గెలుపోటములను పక్కనబెట్టి, ఆమె కళ్ల ముందే ఇతరుల అంకెలు ఎలా మారాయో చూడాలి. ఆమె నిలిచిన ఎనిమిదో స్థానం అలా చూడటానికి అనువైన చోటు.

బెరెండోంక్ 1942లో తురింగియా ప్రాంతంలోని డాంక్‌మార్స్‌హౌజెన్ అనే గ్రామంలో పుట్టారు. యుద్ధం ముగిశాక దేశం రెండు ముక్కలైనప్పుడు ఆ గ్రామం తూర్పు జర్మనీ భాగంలో, సరిహద్దుకు ఆనుకుని పడింది. 1958లో, అంటే బెర్లిన్ గోడ లేవడానికి మూడేళ్ల ముందు, ఆమె కుటుంబం పశ్చిమానికి తరలిపోయింది. అప్పటికి ఆమె పదహారేళ్ల అమ్మాయి. ఆ తరలింపు జరగకపోయి ఉంటే ఆమె కూడా తూర్పు జర్మనీ క్రీడా క్లబ్బుల్లో ఒకదాని వలయంలోనే ఎదిగి ఉండేవారేమో! ఈ ఊహను మరీ సాగదీయనక్కర్లేదు గానీ, తూర్పు జర్మనీ త్రోయర్ల గురించి ఆమె రాసిన దాంట్లో పరాయి దేశపు ప్రత్యర్థుల మీద కసి కన్నా తన ఈడు పిల్లల మీద ఆందోళన ఎక్కువ కనబడటానికి ఇది కొంత కారణమై ఉండవచ్చు.

ఇక్కడ ఆట గురించి కొంత చెప్పుకోకపోతే మిగతా కథ అర్థం కాదు. షాట్‌పుట్‌లో మహిళలు 4 కిలోల గుండును, పురుషులు 7.26 కిలోల గుండును వాడతారు. గుండును మెడకు ఆనించి, 2.135 మీటర్ల వ్యాసం గల వలయంలోంచి నెట్టాలి తప్ప విసరకూడదు. డిస్కస్‌లో మహిళల పళ్లెం బరువు 1 కిలో, పురుషులది 2 కిలోలు, వలయం 2.5 మీటర్లు. ఒకటిన్నర చుట్టు తిరిగి, చాచిన చేత్తో పళ్లేన్ని వదలాలి. పైకి రెండూ వేరు వేరు ఆటల్లాగే కనిపిస్తాయి. రెంటికీ మూలం మాత్రం ఒకటే: కాళ్లలోనూ నడుములోనూ పుట్టిన బలాన్ని క్షణంలో వెయ్యో వంతు కూడా వృథా కాకుండా చేతివేళ్ల దాకా తీసుకురావడం. అందుకే ఆ తరం త్రోయర్లలో చాలామంది రెండింట్లోనూ పోటీపడేవారు.

గుండు ప్రయాణంలో గాలికి దాదాపు పాత్ర లేదు. అది చేయి వదిలినప్పటి వేగం, కోణం, ఎత్తు — ఈ మూడే దూరాన్ని నిర్ణయిస్తాయి. అందులోనూ వేగానిదే పెత్తనం, ఎందుకంటే దూరం సుమారుగా వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం 5 శాతం పెరిగితే దూరం 10 శాతం దాకా పెరుగుతుంది. కాబట్టి షాట్‌పుట్ అంకె మనిషి కండబలాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. డిస్కస్ అలా కాదు. అది పళ్లెం గనక గాలిలో తేలుతుంది. ఎదురుగాలి అనువుగా వీస్తే మీటర్లకు మీటర్లు అదనంగా వెళుతుంది. పరుగులకూ లాంగ్‌జంప్‌కూ ఉన్నట్టు డిస్కస్‌కు గాలి వేగం మీద పరిమితేమీ లేదు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో రికార్డుల దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

కండబలం పెంచుకోవడానికి త్రోయర్లు ఏళ్ల తరబడి బరువులెత్తుతారు. బరువులెత్తినప్పుడు కండరం కొంత దెబ్బతిని, విశ్రాంతిలో మునుపటికన్నా గట్టిగా తయారవుతుంది. టెస్టోస్టెరాన్, దాన్ని అనుకరించే కృత్రిమ స్టెరాయిడ్లు ఈ మరమ్మతును వేగవంతం చేస్తాయి. అంటే మాత్ర మింగి కూర్చున్నవాళ్లకు ఒనగూరేది తక్కువే. దాని అసలు ప్రయోజనం రేపు కూడా ఇవాళ్టంత బరువు ఎత్తగలగడంలో ఉంది. పురుషుల శరీరంలో ఈ హార్మోను ఎటూ పుష్కలంగా ఉంటుంది కనుక బయటి నుంచి ఇచ్చినప్పుడు కలిగే లాభానికి ఒక హద్దు ఉంటుంది. స్త్రీల శరీరంలో అది చాలా తక్కువ. అందుచేత కొద్ది మోతాదుకే పెద్ద మార్పు వస్తుంది. ఆ మార్పు కండరంతో ఆగదు: గొంతు బొంగురుపోతుంది, ముఖం మీదా ఒంటి మీదా వెంట్రుకలు మొలుస్తాయి, నెలసరి క్రమం తప్పుతుంది, కాలేయం దెబ్బతింటుంది. వీటిలో గొంతు మార్పు లాంటివి మాత్రలు ఆపేసినా వెనక్కి రావు. డోపింగ్‌లో పురుషులకూ స్త్రీలకూ మధ్య ఉన్న ఈ అసమానతే తూర్పు జర్మనీ పథకమంతటికీ ఇరుసు.

మళ్లీ 1968కి వద్దాం. మెక్సికోలో డిస్కస్ ఫైనల్ వానలో తడిసి, దూరాలు తగ్గిపోయినా, షాట్‌పుట్ ఫైనల్‌లో మాత్రం వేరే కథ నడిచింది. ఆ సెప్టెంబరులో తూర్పు జర్మనీకి చెందిన మార్గిట్టా గుమ్మెల్ నెలకొల్పిన ప్రపంచ రికార్డు 18.87 మీటర్లు. అక్టోబరు 20న ఆమే ముందు 19.07, తరువాత 19.61 మీటర్లు నెట్టి, 19 మీటర్లు దాటిన తొలి మహిళ అయ్యారు. రజతం కూడా తూర్పు జర్మనీదే. గాలి సాయం లేని ఆటలో, ఒకే మధ్యాహ్నం ప్రపంచ రికార్డు ముప్పావు మీటరు జరిగింది. చాలా ఏళ్ల తరువాత బయటపడ్డ పత్రాలను బట్టి, ఆ వేసవిలో గుమ్మెల్‌కు ఓరల్-ట్యూరినబోల్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. కొద్ది వారాల్లోనే ఆమె దూరం రెండు మీటర్ల దరిదాపుల్లో పెరిగినట్టు శాస్త్రవేత్తలు గీతలు గీసి మరీ నమోదు చేశారు. అంటే మెక్సికోలో జరిగింది ఒక ప్రయోగానికి వచ్చిన ఫలితం.

ఆ పత్రాలేవీ 1969లో బెరెండోంక్ చేతిలో లేవు. ఆమె దగ్గర ఉన్నవి రెండే: సాటి త్రోయర్ల ఒంట్లో వస్తున్న మార్పులను దగ్గరి నుంచి చూసిన కళ్లు, ఒక మీటరు పెరగడానికి ఎన్నేళ్ల సాధన పడుతుందో తెలిసిన అనుభవం. 1969 డిసెంబరు 5న 'డీ త్సైట్' వారపత్రికలో ఆమె ఒక వ్యాసం రాశారు. మనం రాక్షసులను పెంచుతున్నామా అన్న ప్రశ్నే దాని శీర్షిక. ప్రపంచ స్థాయి డెకాథ్లాన్ ఆటగాళ్లలో, త్రోయర్లలో, వెయిట్‌లిఫ్టర్లలో అత్యధికులు స్టెరాయిడ్లు వాడుతున్నారని ఆమె అందులో తేల్చి చెప్పారు. తూర్పునే వేలెత్తి చూపి ఊరుకోలేదు. తన పక్కన సాధన చేసే పశ్చిమ జర్మన్లనూ ఆ లెక్కలో చేర్చారు.

అప్పటికి స్టెరాయిడ్ల మీద స్పష్టమైన నిషేధమే లేదని గుర్తుపెట్టుకోవాలి. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 1970లో, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1975లో వాటిని నిషేధిత జాబితాలోకి తెచ్చాయి. ఒలింపిక్స్‌లో వాటికి మొదటిసారి పరీక్షలు జరిగింది 1976లో మాంట్రియల్‌లో. కాబట్టి 1969లో ఆమె ఎత్తిచూపింది ఒక నియమోల్లంఘన అని కూడా అనలేం. నియమమే ఇంకా పుట్టని చోట, పోటీలో ఉన్న ఒక క్రీడాకారిణి, తన జట్టువాళ్ల మొహం మీదే ఈ మాట అనడానికి తెగువ కావాలి. ఎనిమిదో స్థానంలో నిలిచినవాళ్లు ఇలాంటిది రాస్తే, అది ఓడినవాళ్ల ఉక్రోషమని కొట్టిపారేయడం ఎవరికైనా తేలిక. గెలిచినవాళ్లు నోరు విప్పరు, ఓడినవాళ్లు చెబితే నమ్మరు. డోపింగ్ గుట్టు అన్నేళ్లు నిలవడానికి ఈ చిక్కే సగం కారణమని నా అభిప్రాయం.

ఆ తరువాతి పదేళ్లలో అంకెలు ఎటు పోయాయో చూస్తే ఆమె ఆందోళన అర్థమవుతుంది. 1967లో వెస్టర్‌మన్ డిస్కస్ రికార్డు 61.26 మీటర్లు. 1975లో సోవియట్ త్రోయర్ ఫైనా మెల్నిక్ 70 మీటర్లు దాటారు. ఎనిమిదేళ్లలో తొమ్మిది మీటర్లు! షాట్‌పుట్‌లో 1968 నాటి 19.61, 1980 నాటికి తూర్పు జర్మనీ క్రీడాకారిణి ఇలోనా స్లుపియానెక్ చేతిలో 22.45 అయింది. సాధన పద్ధతులు, బరువుల శిక్షణ, కోచ్‌ల పరిజ్ఞానం మెరుగుపడ్డ మాట నిజమే. ఆ మెరుగుదల ఒక్కటే కారణమైతే తరువాతి తరాలు అక్కడి నుంచి ఇంకా ముందుకు పోవాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల షాట్‌పుట్ స్వర్ణం గెలిచింది ఒక జర్మన్ క్రీడాకారిణే, యెమిసి ఒగున్లెయె. ఆమె దూరం సరిగ్గా 20.00 మీటర్లు. నలభై ఏళ్లకు పైగా ఆహారం, వ్యాయామశాస్త్రం, వీడియో విశ్లేషణ ఇంత ఎదిగాక వచ్చిన ఒలింపిక్ స్వర్ణం, 1980 నాటి రికార్డుకు దాదాపు రెండున్నర మీటర్ల వెనుక ఉంది.

తూర్పు జర్మనీలో ఈ వ్యవహారం ఎలా నడిచిందో ఇప్పుడు మనకు చాలా వివరంగా తెలుసు. తెలియడానికి కారణం కూడా అది నడిచిన తీరే. పశ్చిమ దేశాల్లో డోపింగ్ డాక్టరు, కోచ్, ఆటగాడి మధ్య గుసగుసగా సాగే వ్యవహారం. తూర్పున అది సర్కారీ కార్యక్రమం. ప్రణాళిక, బడ్జెట్టు, పరిశోధన నివేదిక, సమీక్షా సమావేశం అన్నీ ఉండేవి. సుమారు 1.7 కోట్ల జనాభా ఉన్న ఆ చిన్న దేశం 1968లో 9 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. 1972లో 20, 1976లో 40. పతకాలే దేశానికి పరువు అనుకున్న ప్రభుత్వం 1974లో హార్మోన్ల వాడకాన్ని 'ప్రభుత్వ ప్రణాళికా అంశం 14.25' పేరుతో రహస్య పరిశోధనా పథకంగా మార్చింది. లైప్‌జిగ్‌లోని క్రీడా పరిశోధన సంస్థ మోతాదులు లెక్కగట్టేది. క్రీడా వైద్య సేవల విభాగం మాత్రలు పంపిణీ చేసేది. యేనాఫార్మ్ అనే ప్రభుత్వ మందుల సంస్థ ఓరల్-ట్యూరినబోల్‌ను తయారుచేసేది. ఎవరూ నోరు జారకుండా రహస్య పోలీసు శాఖ, అంటే ష్టాజీ, కాపలా కాసేది. విభాగంలో రెండో పెద్దగా ఉన్న డాక్టర్ మాన్‌ఫ్రెడ్ హెప్నర్ 'టెక్నిక్' అనే మారుపేరుతో ష్టాజీకి నివేదికలు ఇస్తూండేవారు. అన్నిటికీ పైన, దేశ క్రీడా సంఘానికి 1961 నుంచి 1988 దాకా అధ్యక్షుడిగా ఉన్న మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్.

కాగితాల మీద ఈ మందులను 'సహాయక పదార్థాలు' అనేవారు. సాధన ముగిశాక కోచ్ అరచేతిలో పెట్టే చిన్న నీలం మాత్రను పిల్లలకు విటమిన్ అని చెప్పేవారు. అది 5 మిల్లీగ్రాముల ఓరల్-ట్యూరినబోల్. మింగినవాళ్లలో పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలు కూడా ఉన్నారు. తల్లిదండ్రులకు ఒక్క ముక్క చెప్పేవారు కారు. ఏటా కొన్ని వేలమందికి ఇలా హార్మోన్లు ఇచ్చారు. ఎవరికి ఎంత, ఎన్ని వారాలు, ఏ దుష్ప్రభావం కనిపించింది అన్నది డాక్టర్లు శ్రద్ధగా రాసిపెట్టారు. దుష్ప్రభావాలు తెలియక జరిగిన పొరపాటు ఇది కాదని ఆ శ్రద్ధే రుజువు చేస్తుంది.

మరి పరీక్షల్లో ఎందుకు దొరకలేదు? 1977లో హెల్సింకీలో జరిగిన యూరోపియన్ కప్‌లో స్లుపియానెక్ నమూనాలో స్టెరాయిడ్ ఆనవాళ్లు బయటపడి ఆమె మీద నిషేధం పడింది. ఆ పరాభవం పథకాన్ని ఆపలేదు, పదును పెట్టింది. డ్రెస్డెన్ సమీపంలోని క్రైషాలో ఉన్న ప్రయోగశాలకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు ఉండేది. విదేశాలకు వెళ్లే క్రీడాకారుల నమూనాలను ముందే అక్కడ పరీక్షించేవారు. ఇంకా ఆనవాళ్లు కనబడితే, గాయమనో జబ్బు చేసిందనో చెప్పి వాళ్లను ప్రయాణం మాన్పించేవారు. పోటీకి కొన్ని వారాల ముందు మాత్రలు ఆపేసి, ఆ ఖాళీలో శరీరంలో సహజంగా ఉండే టెస్టోస్టెరాన్‌నే సూదిమందుగా ఇచ్చేవారు. దొంగను పట్టుకోవడానికి ఇచ్చిన తాళాలే దొంగ చేతిలో ఉన్నట్టయింది. 'మా క్రీడాకారుల్లో ఎవరూ పాజిటివ్ కాలేదు' అన్న మాటకు ఆ తరువాతి పన్నెండేళ్లలో అర్థం ఇదే.

ఈ కాలమంతా బెరెండోంక్ హైడెల్‌బర్గ్‌లో బడి పంతులమ్మగా పనిచేస్తూ వచ్చారు. భర్త వెర్నర్ ఫ్రాంకె అదే నగరంలోని జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో పేరున్న కణజీవ శాస్త్రవేత్త. ఆమెకు ఆట లోపలి సంగతులు తెలుసు, ఆయనకు అణువుల భాష తెలుసు. పశ్చిమ జర్మనీ క్రీడాధికారులకు ఈ జంట అంటే ఒళ్లుమంట, ఎందుకంటే వీళ్లు సొంతింటి చెత్తను కూడా వదిలిపెట్టలేదు. ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయపు క్రీడా వైద్యుల చుట్టూ అల్లుకున్న మందుల సంస్కృతిని వాళ్లు పదే పదే విమర్శించారు. 1987 ఏప్రిల్‌లో, అదే ఫ్రైబర్గ్ వైద్యుల్లో ఒకరి దగ్గర చికిత్స పొందుతూ వచ్చిన హెప్టాథ్లాన్ క్రీడాకారిణి బిర్గిట్ డ్రెసెల్, 26 ఏళ్ల వయసులో, మైంజ్ ఆసుపత్రిలో నరకయాతన అనుభవించి చనిపోయారు. ఆమె శరీరంలోకి అప్పటికి వెళ్లిన మందుల జాబితా చూసి దేశం నివ్వెరపోయింది. అయినా పశ్చిమాన డోపింగ్ అంటే 'తూర్పు వాళ్ల సంగతి' అనుకునే అలవాటు అంత తొందరగా పోలేదు.

1989 నవంబరులో గోడ కూలింది. మరుసటి ఏడాది అక్టోబరులో రెండు జర్మనీలు ఒకటయ్యాయి. లైప్‌జిగ్ సంస్థలో కాగితాలు నాశనం చేసే పని అప్పటికే మొదలైంది. అయితే పథకం మీద పరిశోధన చేసిన డాక్టర్లు, శాస్త్రవేత్తలు ఆ పరిశోధననే చూపించి డాక్టరేట్లూ ప్రొఫెసర్ పదవులూ సంపాదించుకున్నారు. రహస్య ముద్ర వేసిన ఆ థీసిస్‌ల ప్రతులు బెర్లిన్‌కు తూర్పున ఉన్న బాడ్ జారోవ్ సైనిక వైద్య అకాడమీలో భద్రంగా ఉండిపోయాయి. ఆ అకాడమీ అప్పటికి ఉమ్మడి జర్మనీ సైన్యం అధీనంలోకి వచ్చింది. 1990 చివరలో ఫ్రాంకె అక్కడికి వెళ్లి వాటిని చూడగలిగారు, ప్రతులు తెచ్చుకోగలిగారు. నేరం చేసినవాళ్లు పట్టాల కోసం తమ నేరాన్ని పట్టికలతో, గ్రాఫులతో సహా రాసి సంతకం పెట్టి దాచుకోవడం చరిత్రలో తరచు జరిగే విషయం కాదు.

ఆ కాగితాల ఆధారంగా బెరెండోంక్ 1991లో 'డోపింగ్ పత్రాలు' అనే పుస్తకం వెలువరించారు. అందులో పేర్లు ఉన్నాయి, మోతాదులు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి. మాజీ తూర్పు జర్మనీ కోచ్‌లను, డాక్టర్లను, ఇంకా పరుగెడుతూ దూకుతూ ఉన్న క్రీడాకారులను తన జట్టులో కలుపుకుని పతకాల కోసం ఎదురుచూస్తున్న ఉమ్మడి జర్మనీ క్రీడారంగానికి ఈ పుస్తకం గొంతులో పచ్చి వెలక్కాయ అయింది. కొందరు అబద్ధమన్నారు, వివాదాలు కోర్టుల దాకా పోయాయి. అక్కడ పత్రాలే నిలబడ్డాయి. 1997లో ఫ్రాంకె, బెరెండోంక్ కలిసి 'క్లినికల్ కెమిస్ట్రీ' అనే శాస్త్ర పత్రికలో రాసిన సుదీర్ఘ వ్యాసంతో విషయం అంతర్జాతీయ వైద్యలోకానికి చేరింది. 1966 నుంచీ వందలమంది వైద్యులు, శాస్త్రవేత్తలు ఈ పనిలో పాలుపంచుకున్నారని, స్త్రీలకూ యుక్తవయసు ఆడపిల్లలకూ హార్మోన్లు ఇవ్వడం మీదే ప్రత్యేకంగా దృష్టి పెట్టారని ఆ వ్యాసం ఆధారాలతో చూపింది.

కోర్టుల్లో న్యాయం ఏ రూపంలో వచ్చిందన్నది మరో ముడి. డోపింగ్ అప్పట్లో జర్మన్ చట్టంలో నేరం కాదు. స్వయంగా మందు వాడే క్రీడాకారులను శిక్షించే చట్టం 2015 చివర్లో గానీ రాలేదు. కాబట్టి ప్రాసిక్యూటర్లు దీన్ని శారీరక హాని కేసుగా పెట్టారు: తెలియని పిల్లలకు, వాళ్ల అనుమతి గానీ తల్లిదండ్రుల అనుమతి గానీ లేకుండా, హాని చేస్తుందని తెలిసిన మందు ఇవ్వడం. 2000 అక్టోబరు దాటితే కాలదోషం పట్టిపోతుంది కనుక పరుగు పరుగున విచారణలు నడిచాయి. ఆ ఏడాది జులై 18న బెర్లిన్ కోర్టు ఎవాల్డ్‌కు 22 నెలలు, హెప్నర్‌కు 18 నెలలు శిక్ష వేసింది. రెండూ అమలు నిలిపివేసిన శిక్షలే. ఇద్దరూ ఒక్క రోజు కూడా జైల్లో గడపాల్సిన పని లేకపోయింది. వేలమంది శరీరాలతో ఆడుకున్న పథకానికి ఇది చాలా చిన్న లెక్క. ఆ విచారణ సాధించిందల్లా బాధితుల మాటను ప్రభుత్వ రికార్డులోకి ఎక్కించడం.

ఆ కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్లలో ఒక షాట్‌పుటర్ ఉన్నారు. 1986లో స్టుట్‌గార్ట్‌లో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో 21.10 మీటర్లు నెట్టి స్వర్ణం గెలిచినప్పుడు ఆ క్రీడాకారిణి పేరు హైడి క్రీగర్. ష్టాజీ, పోలీసు శాఖల క్లబ్బయిన డైనమో బెర్లిన్‌లో పదహారేళ్ల వయసు నుంచీ నీలం మాత్రలు మింగించారు. పత్రాల ప్రకారం ఒక్క 1986లోనే ఇచ్చిన ఓరల్-ట్యూరినబోల్ సుమారు 2,600 మిల్లీగ్రాములు. 1997లో లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకుని ఆయన ఆండ్రియాస్ క్రీగర్ అయ్యారు. తన లింగభావన విషయంలో ముందు నుంచీ కొంత అయోమయం ఉన్నా, ఆ ప్రశ్నకు తనంతట తాను జవాబు వెతుక్కునే అవకాశాన్ని మాత్రలు లాక్కున్నాయన్నది ఆయన వాదన. ఇక్కడ ఏది మందు చేసింది, ఏది ప్రకృతి చేసింది అని గీత గీయడం ఎవరివల్లా కాదు. ఆ గీతను చెరిపేసే హక్కు మాత్రం ఆ డాక్టర్లకు ఎవరూ ఇవ్వలేదు. ఆయన తన 1986 స్వర్ణ పతకాన్ని డోపింగ్ వ్యతిరేక పోరాటానికి ఇచ్చే ఒక పురస్కారం కోసం సమర్పించారు. ఆ పురస్కారానికి హైడి క్రీగర్ పేరే పెట్టారు.

నష్టపరిహారం విషయానికొస్తే, 2002లో వచ్చిన చట్టం కింద సుమారు రెండొందలమంది బాధితులకు ఒక్కొక్కరికి పది వేల యూరోలకు కాస్త పైన అందాయి. 2006లో యేనాఫార్మ్ సంస్థతో, జర్మన్ ఒలింపిక్ సంఘంతో కుదిరిన ఒప్పందంతో 167 మందికి 9,250 యూరోల చొప్పున వచ్చాయి. 2016లో మరో సహాయ చట్టం చేయాల్సి వచ్చింది. కాలేయ వ్యాధులు, క్యాన్సర్లు, కీళ్లు అరిగిపోవడం, మానసిక కుంగుబాటు, పిల్లల్లో కనబడ్డ సమస్యలు చూస్తే ఈ మొత్తాలు వైద్య ఖర్చులకు కూడా మూలకు రావు.

ఇక రికార్డుల చిక్కు. మహిళల డిస్కస్ ప్రపంచ రికార్డు ఇప్పటికీ 76.80 మీటర్లు. 1988 జులై 9న న్యూబ్రాండెన్‌బర్గ్‌లో తూర్పు జర్మనీ త్రోయర్ గాబ్రియెలె రైన్ష్ దాన్ని నెలకొల్పారు. ఆమె కూడా షాట్‌పుట్ నుంచి వచ్చినవారే. ఇటీవలి ఏళ్లలో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో రమోనా అనే చోట, గాలి అనువుగా వీచే మైదానాన్ని వెతుక్కుని మరీ పోటీలు పెడుతున్నారు. పురుషుల డిస్కస్‌లో 1986 నుంచి చెక్కుచెదరని తూర్పు జర్మనీ ఆటగాడు యుర్గెన్ షుల్ట్ 74.08 మీటర్ల రికార్డును 2024 ఏప్రిల్‌లో లిథువేనియా కుర్రాడు మికోలాస్ అలెక్నా అక్కడే బద్దలు కొట్టాడు. అదే మైదానంలో, అదే గాలిలో, మహిళల అత్యుత్తమ దూరాలు మాత్రం 73 మీటర్ల దగ్గర ఆగిపోయాయి. పురుషుల రికార్డు గాలికి లొంగింది, మహిళల రికార్డు లొంగలేదు. మందు స్త్రీల శరీరంలో ఎంత ఎక్కువ పనిచేస్తుందో పైన చెప్పుకున్న సంగతికి ఇంతకన్నా బహిరంగమైన నిదర్శనం నాకు తోచదు. అయితే ఇది మొత్తం కాలం గురించి అంకెలు చెప్పే మాట. ఏ ఒక్క త్రోయర్ మీదనైనా తీర్పు చెప్పాలంటే ఆ మనిషికి సంబంధించిన ఆధారం కావాలి.

మరి ఆ రికార్డులను కొట్టేయవచ్చు కదా అంటే, 2017లో యూరోపియన్ అథ్లెటిక్స్ సమాఖ్య దాదాపు ఆ పనే ప్రతిపాదించింది: 2005కు ముందు నాటి రికార్డులన్నిటినీ పక్కనబెట్టి, నమూనాలు దాచి ఉంచిన కాలం నుంచి కొత్త లెక్క మొదలుపెట్టడం. మందు జోలికి పోకుండా రికార్డు సాధించామంటున్న పాత తరం క్రీడాకారులు భగ్గుమన్నారు. తమను కూడా దొంగల గుంపులో కట్టేస్తున్నారని వాళ్ల ఫిర్యాదు. అది అన్యాయమైన ఫిర్యాదేమీ కాదు. ప్రతిపాదన అమలుకు నోచుకోలేదు. ఇటువైపు బాధితుల్లోనూ ఒకే మాట లేదు. తనకు మాత్రలు మింగించారని కోర్టులో నిరూపించుకున్న మనిషి ఒకే సమయంలో మోసపోయిన బాధితురాలు, మందుతో గెలిచిన విజేత కూడా. ఎదురుగా ఓడిపోయి, పతకం పోగొట్టుకున్నవాళ్ల నష్టం ఎవరి ఖాతాలోకి వెళుతుందో ఏ చట్టమూ చెప్పలేదు. మెక్సికోలో, మ్యూనిక్‌లో కింది స్థానాల్లో నిలిచిన బెరెండోంక్ తరం త్రోయర్లంతా ఈ మూడో వర్గంలోకి వస్తారు. వాళ్లకు ఎవరూ ఏ పరిహారమూ ప్రకటించలేదు.

2004లో జర్మనీ ప్రభుత్వం బెరెండోంక్, ఫ్రాంకె దంపతులకు దేశ గౌరవ పురస్కారమైన ఫెడరల్ క్రాస్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది. ఫ్రాంకె 2022 నవంబరులో కన్నుమూశారు. రికార్డుల విషయంలో, తూర్పు జర్మనీ మాజీ స్ప్రింటర్ ఇనెస్ గైపెల్ మాత్రం 1984లో తమ క్లబ్బు రిలే జట్టు నెలకొల్పిన జాతీయ స్థాయి రికార్డులోంచి తన పేరు తీసేయమని స్వయంగా అడిగారు; జర్మన్ అథ్లెటిక్స్ సమాఖ్య తటపటాయించి చివరకు ఒప్పుకుని, ఆ పేరు ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు పెట్టింది. పేరు పోయింది గానీ, పరుగెత్తిన సమయం జాబితాలో అలాగే ఉండిపోయింది.